జనాభా తగ్గిందా, పెరుగుదల తగ్గిందా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఎం.కామ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్న కిరాణా కొట్టు నడుపుతారు, మధ్యాహ్నం పూట అమ్మ కూర్చుంటుంది. మా ఊళ్లో చాలా ఇళ్లలో వయసులో ఉన్నవాళ్లు కువైట్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటున్నారు, పెద్దవాళ్లే మిగిలారు. అందుకే ‘జనాభా మార్పులు, గ్రామీణ చిల్లర వ్యాపారం’ అని ప్రాజెక్ట్ తీసుకున్నాను. తెలుగులోనే రాస్తున్నాను. మొదటి అధ్యాయం చూపిస్తే మా గైడ్ గారు ‘కబుర్లు చెప్పినట్టుంది, ఇది అకడమిక్ భాష కాదు’ అని తిప్పి ఇచ్చారు. నిఘంటువు ముందేసుకుని మళ్లీ రాస్తే ఈసారి ‘ఏం చెప్పావో నాకే అర్థం కాలేదు’ అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇలాంటి విషయం రాయడానికి ఏ పదాలు వాడాలి? ఇంగ్లిష్ మాటలు తెలుగు లిపిలో రాయొచ్చా? రెండు పేరాలూ, నేను తయారు చేసుకున్న పదాల పట్టికా జత చేశాను.

సమాధానం: అమ్మా, మీ పేరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ముప్పై ఏళ్లు కామర్స్ పాఠాలు చెప్పినదాన్ని, ప్రాజెక్ట్ రిపోర్టులు కట్టలు కట్టలు దిద్దాను కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. పాఠకుల కోసం ఆ రెండూ ఇక్కడ ఇస్తున్నాను. మొదట మీరు రాసింది ఇది: ‘మా ఊళ్లో జనం తగ్గిపోయారు. పిల్లలు పుట్టడం లేదు, ఉన్న కుర్రాళ్లు వెళ్లిపోయారు. అందువల్ల కొట్లకు బేరాల్లేవు.’ తర్వాత మార్చి రాసింది ఇది: ‘అధ్యయన ప్రాంతము యొక్క జనసంఖ్యా క్షీణత మరియు యువజనుల బహిర్గమనము వలన వాణిజ్య రంగము నందు గణనీయమైన మాంద్యము సంభవించినట్లు గమనించబడినది.’

మొదటిదాన్ని గైడ్ గారు ఎందుకు తిప్పి ఇచ్చారో మీరు సరిగ్గా పట్టుకోలేదనిపిస్తోంది. అందులో మాటలు తేలికగా ఉండటం తప్పు కాదు. జనం ఎప్పటి నుంచి ఎప్పటికి తగ్గారు, ఎంతమంది తగ్గారు, ఎవరు లెక్కపెట్టారు, బేరాల్లేవంటే కొట్టుకు వచ్చే మనుషులు తగ్గారా, రోజు అమ్మకం తగ్గిందా, లాభం తగ్గిందా, వీటిలో ఒక్కదానికీ అందులో జవాబు లేదు. ఇక రెండో పేరా చూడండి, దాంట్లోనూ లేదు. అదే విషయానికి పట్టుచీర కట్టారు, అంతే. జనాభా విషయంలో గానీ వ్యాపారం విషయంలో గానీ శాస్త్రం వాడే ప్రతి మాట వెనకా ఒక లెక్క ఉంటుంది. దేన్ని లెక్కపెట్టారు, దేనితో భాగించారు, ఏ తేదీకి అన్నది ఆ మాటలోనే ఇమిడి ఉంటుంది. అది తెలుసుకుని వాడితే చిన్న మాటైనా అకడమిక్ మాటే. తెలియకుండా వాడితే ఎంత సంస్కృతం పోసినా కబురే.

ముందు ‘జనసంఖ్యా క్షీణత’ దగ్గర ఆగుదాం. మీ రిపోర్ట్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే, ఎందుకంటే జనాభా తగ్గడం వేరు, జనాభా పెరుగుదల రేటు తగ్గడం వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లెక్కే తీసుకోండి. 1991 జనగణనలో సుమారు 6.65 కోట్లు, 2001లో 7.62 కోట్లు, 2011లో 8.46 కోట్లు. మొదటి పదేళ్లలో పెరుగుదల 14.59 శాతం, తర్వాతి పదేళ్లలో 10.98 శాతం. అంటే రేటు బాగా పడిపోయింది, కానీ మనుషులు మాత్రం ఆ రెండో దశాబ్దంలో కూడా 83 లక్షలకు పైగా పెరిగారు. దీన్ని పట్టుకుని ‘రాష్ట్రంలో జనాభా క్షీణించింది’ అని రాసిన రిపోర్టులు నా చేతుల్లోంచి ఎన్ని వెళ్లాయో చెప్పలేను. మీ పేరాలో జరిగింది కూడా అదేనేమో చూసుకోండి. మీ ఊళ్లో నిజంగా తలలు తగ్గాయా, లేక మునుపటంత వేగంగా పెరగడం లేదా? తగ్గితే ‘తగ్గింది’ అనండి, చాలు. క్షీణత అంటే చిక్కిపోవడం, నీరసించడం అన్న ఛాయ వస్తుంది. అది మీ తీర్పు అవుతుంది గానీ కొలత కాదు.

అదే లెక్కలో ఇంకో చిక్కుంది. 14.59 నుంచి 10.98కి దిగితే ఎంత తగ్గినట్టు? ‘3.61 శాతం తగ్గింది’ అని రాస్తారు చాలామంది. అది తప్పు. తగ్గింది 3.61 శాతం పాయింట్లు. శాతంలో చెప్పాలంటే 14.59లో 3.61 ఎంతో చూడాలి, అది దాదాపు 25 శాతం, అంటే పావు వంతు. ‘శాతం’ పక్కన ‘పాయింట్లు’ అన్న ఒక్క మాట పెట్టడమా మానడమా అన్నదాని మీద అర్థం ఇంత మారిపోతుంది. వ్యాపారం అధ్యాయంలో ఇది ఇంకా అవసరం. మార్జిన్ 10 శాతం నుంచి 8 శాతానికి వచ్చిందనుకోండి, తగ్గింది రెండు శాతం పాయింట్లు, కానీ అమ్మకం అంతే ఉన్నప్పుడు నాన్నగారి చేతికి వచ్చేదాంట్లో అయిదో వంతు పోయినట్టు.

తర్వాత ‘పిల్లలు పుట్టడం లేదు’. దీనికి మీ పట్టికలో ‘జననాల రేటు 1.7’ అని రాసుకున్నారు. 1.7 సంఖ్య సరైనదే. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన అంకె అది, తెలంగాణకు 1.8, దేశానికి 2.0. కానీ అది జననాల రేటు కాదమ్మా. జననాల రేటు అంటే ఏడాదిలో వెయ్యి మంది జనాభాకు ఎంతమంది పుట్టారన్నది, దేశానికి 2020లో అది 19.5. 1.7 అనేది మొత్తం సంతానోత్పత్తి రేటు, అంటే ఇప్పుడు ఆయా వయసుల్లో ఆడవాళ్లు కంటున్న తీరే కొనసాగితే ఒక స్త్రీకి తన జీవితకాలంలో సగటున ఎంతమంది పిల్లలు పుడతారన్న అంచనా. ఒకటి వెయ్యి మందికి, ఇంకోటి ఒక్క మనిషికి. రెండూ ఒకే పేరుతో పిలిస్తే మీ పట్టికలో 19.5 పక్కన 1.7 కనిపించి చదివేవాళ్లు బెదిరిపోతారు.

ఈ మాటకే మన తెలుగులో మూడు పేర్లు తిరుగుతున్నాయి, సంతానోత్పత్తి రేటు, సంతాన సాఫల్యతా రేటు, ఫెర్టిలిటీ రేటు. నేనైతే మొదటిదే వాడమంటాను. సంతాన సాఫల్యం అనగానే ఏ టౌన్‌లోనైనా కళ్లముందు మెదిలేది పిల్లలు లేనివాళ్లకు వైద్యం చేసే ఆస్పత్రి బోర్డు. కనగలగడం వేరు, నిజంగా కన్నది వేరు. మనకు కావలసింది రెండోది. మీరేది ఎంచుకున్నా సరే, రిపోర్ట్ చివరిదాకా అదొక్కటే వాడండి. బడిలో వ్యాసాలు రాసేటప్పుడు ఒకే మాట రెండుసార్లు రాకూడదని, పునరుక్తి దోషమని మనకు నేర్పుతారు. పద్యానికి, వ్యాసానికి అది మంచి సలహానే. ఇక్కడ మాత్రం మాట మారితే వస్తువే మారిందనుకుంటారు. ఒక పేజీలో సంతానోత్పత్తి, ఇంకో పేజీలో జననశీలత, మరోచోట ఫెర్టిలిటీ అంటే మూడు వేర్వేరు కొలతలేమో అని గైడ్ గారు వెతుక్కుంటారు.

మీకో అనుమానం రావచ్చు. ఒక తరం స్థానంలో ఇంకో తరం నిలవడానికి కావలసింది 2.1 అంటారు, మన రాష్ట్రం 2005-06 సర్వేకే 1.8కి వచ్చేసింది, మరి 2011 జనగణనలో జనం పెరిగారెందుకు? అంతకుముందు ఎక్కువమంది పిల్లలు పుట్టిన రోజుల్లోని ఆడపిల్లలు అప్పటికి తల్లులయ్యే వయసుకు వచ్చారు. ఒక్కొక్కరు ఇద్దరి కంటే తక్కువే కన్నా, కనేవాళ్లు అంతమంది ఉన్నప్పుడు పుట్టేవాళ్లు పోయేవాళ్లకంటే ఎక్కువే ఉంటారు. తొక్కడం ఆపినా సైకిల్ కొంతదూరం పోతుంది చూడండి, అలాగ. దీన్ని జనాభా ఊపు అని రాసి, పక్కనే ఈ వివరణ ఒక్క వాక్యంలో ఇస్తే ఏ పరీక్షకుడూ తప్పు పట్టడు.

ఇప్పుడు వలస. మీరు ‘బహిర్గమనము’ అని రాశారు. బహిర్గమనం అంటే బయటికి వెళ్లడం, సినిమా హాల్లో తలుపు మీద రాయడానికి బాగుంటుంది. మన జనం నోట నానిన మాట వలస. పాలమూరు నుంచి ముంబై వెళ్లినా, నిజామాబాద్, కరీంనగర్ నుంచి దుబాయ్ వెళ్లినా, మీ గోదావరి పల్లెల నుంచి ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ వెళ్లినా వలసే. మాట అంత విశాలమైంది కాబట్టే మీరు దాన్ని హద్దులు గీసి వాడాలి. ఊరు విడిచి ఎన్ని నెలలు ఉంటే వలస అంటారో మొదటి అధ్యాయంలోనే చెప్పండి. కోతల సీజన్‌కు వెళ్లి వచ్చేవాళ్లు, హాస్టల్లో చదివే పిల్లలు, పెళ్లి చేసుకుని అత్తారింటికి వెళ్లిన అమ్మాయిలు, వీళ్లను కలుపుతున్నారా వదిలేస్తున్నారా? మన దేశంలో ఆడవాళ్ల వలసకు అన్నిటికంటే పెద్ద కారణం పెళ్లే, జనగణన దాన్ని వలస కిందే లెక్కేస్తుంది. మీరు ‘ఉపాధి వలస’ అని ఒక్క విశేషణం చేరిస్తే సగం గొడవ వదిలిపోతుంది. వెళ్లినవాళ్లలోంచి వచ్చినవాళ్లను తీసేస్తే మిగిలేది నికర వలస. మీ ఊరికి వచ్చి స్థిరపడినవాళ్లు ఎవరూ లేరా? ఉంటే వాళ్లనూ లెక్కలోకి తీసుకోవాలి.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన సంగతి. మీ ఊరి జనాభా ఎంత అని పంచాయతీ ఆఫీసులో అడిగితే ఒకటి చెబుతారు, రేషన్ డీలర్ ఇంకోటి చెబుతాడు, ఓటర్ల జాబితాలో మరోటి ఉంటుంది. మూడింటినీ ‘జనాభా’ అని పిలవకండి. ఓటర్ల జాబితాలో 18 ఏళ్లు నిండనివాళ్లు ఉండరు. కువైట్‌లో ఉన్న మనిషి పేరు రేషన్ కార్డులో ఇంకా ఉండొచ్చు. జనగణన మాత్రం 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇళ్లు తిరిగి, మార్చి 1 మొదలయ్యే క్షణానికి సరిచూసి వేసిన లెక్క, ఆ రోజులన్నీ దేశంలోనే లేని మనిషి అందులో రాడు. మీ కొట్టుకు కావలసిన జనాభా ఏది? ఊళ్లో నివసించి, ఉప్పు పప్పు కొనేవాళ్లు. అందుకని ‘ఊళ్లో నివసిస్తున్న జనాభా’ అని ఒక పదబంధం పెట్టుకుని, ఇంటింటికీ తిరిగి మీరే లెక్క వేయడం మంచిది. 2021లో జరగాల్సిన జనగణన జరగనే లేదు, కొత్తదానికి 2027 మార్చి 1 తేదీ ప్రకటించారు. కాబట్టి 2011 తర్వాతి జనాభా అంకె మీకు ఎక్కడ దొరికినా అది అంచనా. ‘అంచనా ప్రకారం’ అన్న రెండు మాటలు మింగేయకండి.

అన్నట్టు, జిల్లా. 2011 పట్టికలో తూర్పు గోదావరి జిల్లా అంటే దాదాపు 51.5 లక్షల జనం ఉన్న పాత జిల్లా. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలను 26 చేశాక ఆ పేరుతో మిగిలింది చిన్న ముక్క, మీ ఊరు కోనసీమ జిల్లాలోకి వెళ్లింది. పేరు ఒకటే కదా అని పాత అంకె పక్కన కొత్త అంకె పెడితే లక్షల మంది మాయమైనట్టు కనిపిస్తారు. మండలం స్థాయిలో పోల్చుకోండి, అక్కడ కూడా హద్దులు మారలేదని చూసుకుని.

వ్యాపారం వైపు వద్దాం. ‘వాణిజ్య రంగము’ అని రాశారు, మీరు చెబుతున్నది మాత్రం మీ ఊరి నాలుగైదు కొట్ల గురించి. వాణిజ్యం, వ్యాపారం, పరిశ్రమ, వ్యాపార సంస్థ, ఇవి ఒకదాని బదులు ఒకటి వాడే మాటలు కావు, ఎం.కామ్ అమ్మాయికి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. మీకు కావలసింది చిల్లర వ్యాపారం, అందులో కిరాణా. పట్టికలో మీరు నాన్నగారి కొట్టును ‘చిన్న పరిశ్రమ’ అన్నారు. సరుకు కొని అమ్మేదాన్ని పరిశ్రమ అనరు. పైగా ‘చిన్న’ అన్నది ఇప్పుడు ప్రభుత్వం హద్దు గీసిన మాట. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్ర పరికరాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటని సంస్థ సూక్ష్మ సంస్థ. ఆ పైనున్నదే చిన్న సంస్థ. చిల్లర, టోకు వ్యాపారులను కూడా బ్యాంకు రుణాల కోసం 2021 జులైలో ఆ పరిధిలోకి తెచ్చారు. ఆ లెక్కన పల్లెటూరి కిరాణా కొట్టు ఏదైనా సూక్ష్మమే. ఆ వర్గీకరణతో మీ రిపోర్ట్‌కు పని లేకపోతే హాయిగా ‘కిరాణా కొట్టు’ అనే రాయండి, దానికి మించిన స్పష్టమైన మాట ఉందా?

‘బేరాల్లేవు’ అన్నది నాకు చాలా ఇష్టమైన మాట. మీవైపు బేరం, తెలంగాణలో గిరాకీ. ఆ మాట తీసేయకండి, వ్యాపారి నోటి మాటగా కొటేషన్‌లో పెట్టండి. దాన్ని డిమాండ్ అని అనువదించేటప్పుడు మాత్రం జాగ్రత్త. కొట్టాయన ‘పొద్దుటి నుంచి బేరాల్లేవు’ అంటే మనుషులు రాలేదని. అర్థశాస్త్రంలో డిమాండ్ అంటే ఒక ధర దగ్గర ఎంత కొనడానికి జనం సిద్ధంగా ఉన్నారు, కొనే స్తోమతుతో సహా. మనుషులు రాకపోయినా, నెలకోసారి వచ్చే నలుగురు పెద్ద బేరం చేస్తే డిమాండ్ తగ్గనట్టే. అలాగే అమ్మకం, టర్నోవర్ ఒకటే గానీ ఆదాయం, లాభం వేరు. ధరలు పెరగడం వల్ల కూడా టర్నోవర్ పెరుగుతుంది. పదేళ్ల క్రితం నూనె ప్యాకెట్ ధర, ఇప్పటి ధర ఒకటి కాదు కదా. రూపాయల్లో పెరిగిందని మురిసిపోకుండా ఎన్ని ప్యాకెట్లు, ఎన్ని కిలోలు అని కూడా చూడాలి.

ఇక ‘మాంద్యము’ కొట్టేయండి. మాంద్యం దేశం మొత్తానికో రాష్ట్రానికో వచ్చేది, సాధారణంగా వరసగా రెండు త్రైమాసికాలు జీడీపీ తగ్గితే అంటారు. ఒక ఊళ్లో కొట్లు డల్‌గా ఉంటే దానికి ఆ పేరు చెల్లదు.

మీ పట్టికలో డెమోగ్రాఫిక్ డివిడెండ్ అన్న ఇంగ్లిష్ మాటకు ‘జనాభా లాభాంశం’ అని ఉండటం చూసి ఆగాను. కామర్స్ విద్యార్థికి డివిడెండ్ అనగానే కంపెనీ వాటాదారుకు పంచే లాభాంశం గుర్తు రావడం సహజమే. ఇక్కడ మాత్రం అది పనిచేసే వయసువాళ్లు ఎక్కువై, వాళ్ల మీద ఆధారపడే పిల్లలు, ముసలివాళ్లు తక్కువగా ఉన్న కాలంలో దేశానికి దొరికే అవకాశం. ఉద్యోగాలుంటేనే అందుతుంది, దానంతటది పంచి పెట్టేది కాదు. పత్రికల్లో జనాభా డివిడెండ్ అనీ, జనాభా ప్రయోజనం అనీ వాడుతున్నారు, ఏదైనా ఫర్వాలేదు. మీ ఊరికి మాత్రం ఆ మాట పెట్టేముందు ఆలోచించండి, పనిచేసే వయసువాళ్లు ఊళ్లోనే లేరు కదా.

దీనికి దగ్గర్లో ఇంకో మూడు మాటలున్నాయి, దాదాపు అందరూ కలగాపులగం చేసేవి. పనిచేసే వయసు జనాభా అంటే 15 నుంచి 59 ఏళ్లవాళ్లు, కొందరు 64 దాకా తీసుకుంటారు, మీరు ఏది తీసుకున్నారో చెప్పాలి. శ్రామిక శక్తి అంటే వాళ్లలో పని చేస్తున్నవాళ్లు, పని కోసం వెతుకుతున్నవాళ్లు కలిపి. పనిలో ఉన్నవాళ్లు అంటే అందులోంచి నిరుద్యోగులను తీసేస్తే మిగిలేవాళ్లు. మీ అమ్మగారినే తీసుకోండి. మధ్యాహ్నం కొట్లో కూర్చుంటారు, నాన్నగారు ఆవిడకు జీతమేం ఇవ్వరు, అడిగితే ఆవిడే ‘నేనేం పని చేస్తాను, ఇంట్లోనే ఉంటాను’ అంటారు. ప్రభుత్వం 2017 నుంచి చేస్తున్న శ్రామిక శక్తి సర్వే నిర్వచనం ప్రకారం మాత్రం కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా సాయం చేసే మనిషి కూడా పనిలో ఉన్నట్టే. మీ సర్వే ఫారంలో ‘ఉద్యోగం చేస్తున్నారా?’ అని అడిగితే ఊళ్లో ఇలాంటి ఆడవాళ్లంతా జారిపోతారు. ‘కొట్లో రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు?’ అని అడగండి. ఈ ఒక్కటి మీరు సరిగ్గా రాసినా నాకు చాలా సంతోషం.

మీరు అసలు పట్టించుకోని మాట ఒకటి చెబుతాను, జనాభా కూర్పు. మీ రెండు పేరాలూ జనం ఎంతమంది అన్నదాని చుట్టూనే తిరిగాయి. కిరాణా కొట్టుకు ఎంతమంది అన్నదాని కంటే ఎవరెవరు అన్నది ఎక్కువ ముఖ్యమేమో. పలకలు, బలపాలు, చాక్లెట్లు, పాలడబ్బాలు ఉండే అరలో ఇప్పుడు ఏం ఉన్నాయి? ఓట్స్, రాగి పిండి, చక్కెర లేని బిస్కెట్లు, పెద్దవాళ్ల డైపర్లు వచ్చాయా? బియ్యం బస్తా కొనేవాళ్లు అయిదు కిలోలు కొంటున్నారా? అయిదుగురుండే ఇంట్లో ఇద్దరు మిగిలితే జనాభా పడిపోతుంది గానీ ఇళ్ల సంఖ్య అంతే ఉంటుంది, ఉప్పు ప్యాకెట్టూ అగ్గిపెట్టే ఇంటికొకటి చొప్పున అలాగే పోతాయి. పైగా కువైట్ నుంచి డబ్బు వస్తుంది. మనుషులు వెళ్లిపోయారు కాబట్టి అమ్మకం పడిపోవాలి అన్నది మనం అనుకునేదే, లెక్క తీశాక అది తలకిందులైనా కావచ్చు. నాన్నగారి ఖాతా పుస్తకాలు పాతవి అటక మీద ఉంటే దింపించండి. ఆ పుస్తకం మీకు దొరికే అత్యంత విలువైన డేటా. ఎన్ని ఇళ్లకు అరువు ఖాతా ఉంది, నెలలో ఏ వారం బాకీలు తీరుతున్నాయి, పింఛను రోజు అమ్మకం ఎంత, డబ్బు ఎవరు కడుతున్నారు. ఖాతాదారుల పేర్లు మాత్రం రిపోర్ట్‌లోకి రానివ్వకండి, అంకెలు వేసుకోండి. అరువు సంగతి ఊళ్లో పరువు సంగతి.

ముసలివాళ్లను ఏమని రాయాలని మీ పట్టికలో ప్రశ్న గుర్తు పెట్టారు. వృద్ధులు, వయోధికులు, సీనియర్ సిటిజన్లు, ఏదైనా సరే, ముందు ఒకసారి ‘60 ఏళ్లు, ఆపై వయసువారు’ అని చెప్పేయండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా సీనియర్ సిటిజన్‌కు 60 అనే అంటుంది. ‘భారం’ అన్న మాట వద్దు. ఆధారపడేవారి నిష్పత్తి అనేది ఒక అంకె, పనిచేసే వయసువాళ్లు వందమందికి మిగిలిన వయసులవాళ్లు ఎంతమంది అని. మీ ఊళ్లో డెబ్బై ఏళ్ల తాతగారు కొబ్బరి తోట చూసుకుంటూ, కోడలు కువైట్‌లో ఉంటే మనవళ్లను బడికి పంపుతూ ఉంటే ఆయన ఎవరి మీద ఆధారపడ్డట్టు?

‘జనాభా విస్ఫోటనం’ కూడా అలాంటిదే. కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం గోడల మీద ఉన్న రోజుల మాట అది. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబర్‌లో తీసేసింది, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే ఎక్కువమందిని కనమని బహిరంగంగా అంటున్నారు. ఒకప్పుడు నియంత్రణ, ఇప్పుడు నిర్వహణ. ఈ మాటలు ఆయా కాలాల ప్రభుత్వాలవి, వాటిని వాడితే ‘అప్పటి విధానం ప్రకారం’ అని చెప్పి వాడండి, మీ సొంత గొంతుతో వద్దు.

వాక్యం సంగతి. ‘గమనించబడినది’ ఎవరు గమనించారు? మీరు. ‘గమనించాను’ అని రాయండి. తెలుగు క్రియకు ‘బడు’ తగిలించడం గౌరవం అనుకుంటారు గానీ దాంతో చేసిన మనిషి మాయమవుతాడు. ‘ప్రాంతము యొక్క’, ‘మరియు’, ‘రంగము నందు’ ఇవన్నీ తీసేసి చదువుకోండి, అర్థం చెక్కు చెదరదు. ‘గణనీయంగా’ అన్న చోటల్లా గణన ఉందో లేదో చూడండి, అంకె ఉంటే ఆ విశేషణం అక్కర్లేదు, లేకపోతే రాసే హక్కు లేదు.

అన్నిటికంటే జాగ్రత్తగా వాడాల్సిన మాట ‘వల్ల’. జనం వెళ్లడం వల్ల అమ్మకం తగ్గింది అన్నారంటే ఇంకేదీ కారణం కాదని మీరు చూసినట్టు. అదే పదేళ్లలో సందుసందుకీ ఆన్‌లైన్ డెలివరీ వచ్చింది, బైకులు పెరిగి అమలాపురం వెళ్లి నెల సరుకులు తెచ్చుకోవడం తేలికైంది, పక్క వీధిలో ఇంకో కొట్టు పెట్టారేమో కూడా. ఇవన్నీ విడదీసి చూసేదాకా ‘అదే కాలంలో’, ‘తోపాటు’, ‘కొంతవరకు కారణం కావచ్చు’ అనండి. ఇది పిరికితనం కాదు, ఎంత చూశారో అంతే చెప్పడం. ‘తగ్గిందట’ మాత్రం వద్దు. ఎవరన్నారో, మాట్లాడిన ఎంతమందిలో ఎంతమంది అన్నారో రాయండి.

ఇంగ్లిష్ మాటల గురించి నా పద్ధతి ఇది. నాన్నగారు నోటితో వాడే ఇంగ్లిష్ మాట, స్టాక్, మార్జిన్, డెలివరీ, ఆన్‌లైన్, టర్నోవర్ లాంటివి, తెలుగు లిపిలో అలాగే ఉంచండి. జనాభా, వలస, జనన రేటు, సాంద్రత, టోకు, చిల్లర లాగా తెలుగులో పాతుకుపోయినవి ఉండగా వాటి బదులు ఇంగ్లిష్ తేవద్దు. రెండూ కానివి ఉంటాయి, అలాంటప్పుడు మొదటిసారి వాడినచోటే ఒక మామూలు వాక్యంలో విడమర్చండి. కొత్తమాట పుట్టించే పని పెట్టుకోకండి, మీకున్న టైమ్ తక్కువ.

మీ పేరా నేనైతే ఇలా మొదలుపెడతాను, ఖాళీలు మీరు నింపుకోండి: ‘2015 మార్చిలో ఈ ఊళ్లో ఇంతమంది నివసించేవారు, 2025 మార్చి నాటికి ఇంతమంది ఉన్నారు. తగ్గినవారిలో ఎక్కువమంది 20-39 ఏళ్ల మధ్యవారు, ఉపాధి కోసం ఆరు నెలలకు మించి ఊరు విడిచి ఉన్నారు. ఇదే కాలంలో నేను పరిశీలించిన కిరాణా కొట్లో అరువు ఖాతాలు ఇన్ని నుంచి ఇన్నికి తగ్గాయి, ఖాతాకు సగటు నెల కొనుగోలు మాత్రం ఇంత మారింది. వ్యాపారులు దీన్ని బేరాల్లేవు అంటున్నారు. ఆ మాటలో కొట్టుకు వచ్చే మనుషుల తగ్గుదల ఎంత, అమ్మకం తగ్గుదల ఎంత అన్నది రెండో అధ్యాయంలో విడిగా చూస్తాను.’ 2015 పుస్తకం దొరక్కపోతే ఏ ఏడాదిది దొరికితే ఆ ఏడాదే పెట్టుకోండి. అప్పటి నివాస జనాభాకు అంగన్‌వాడీ, బడి రిజిస్టర్లు కొంత సాయపడతాయి, పిల్లల వరకే అనుకోండి.

టైటిల్ కూడా కాస్త బిగించాలి. ‘జనాభా మార్పులు, గ్రామీణ చిల్లర వ్యాపారం’ అంటే దేశమంతా వచ్చేస్తుంది. ‘ఉపాధి వలస, మారిన వయసు కూర్పు, కిరాణా అమ్మకాలు: కోనసీమ జిల్లాలో ఒక గ్రామ పరిశీలన’ అని పెట్టి గైడ్ గారికి చూపించండి. ఈసారి వెళ్లేటప్పుడు ఖాతా పుస్తకం కూడా వెంట తీసుకెళ్లండి.